బొమ్మ రైలింజనులు

బొమ్మ రైలు ముందు పుట్టినదా, అసలు రైలు ముందు పుట్టినదా అని తరగతిలో అడిగినచో, విద్యార్థులలో చాలమంది అసలు రైలే ముందని చెప్పుదురు. పెద్దదానిని చూచి చిన్నది చేయుట లోకసహజము గదా! కాని రైలింజను విషయములో జరిగినది తలక్రిందులు. 1784లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమున, రెడ్రూత్ అను ఊరిలో, విలియం మర్డాక్ అను ఇంజనీరు ఆవిరితో నడచు మూడు చక్రముల చిన్నబండి నొకదానిని చేసి నడిపి చూచెను. అది చేతులతో ఎత్తి పట్టుకొనదగినంతటిది. అదే కార్న్‌వాల్‌లో రిచర్డ్ ట్రెవితిక్ అను నతడు 1790ల చివరి సంవత్సరములలో బల్లమీద నడచు ఆవిరిబండి నమూనాలను చేసెను. అతని పెద్ద ఇంజను పట్టాలమీద బరువు లాగినది ఆ తరువాతనే. 1804 ఫిబ్రవరి 21వ తేదీన వేల్స్‌లోని పెనిడారన్ ఇనుప కర్మాగారమునుండి 10 టన్నుల ఇనుమును, సుమారు 70 మంది మనుష్యులను అది లాగుకొని పోయెను. లాగుట బాగుగనే లాగినది. కాని ఇంజను బరువుకు ఆనాటి పోత ఇనుప పట్టాలు పలుచోట్ల విరిగినవి.

ఈ విరుగుటలోనే మన వ్యాసమునకు కావలసిన ముఖ్య విషయ మున్నది. బల్లమీద నడచిన నమూనా బల్లను విరుగగొట్టలేదు. ఒక వస్తువును అన్నివైపుల పది రెట్లు పెంచినచో, దాని బరువు పది రెట్లు గాక వేయి రెట్లు పెరుగును. ఆ బరువును మోయు పట్టా అడ్డుకోత వైశాల్యము మాత్రము నూరు రెట్లే పెరుగును. పొడవు, వైశాల్యము, ఘనపరిమాణము — ఈ మూడును ఒకే అడుగు వేయవు. ఎనిమిదవ తరగతి గణితములో మనము చెప్పుకొను ఈ చిన్న సంగతియే బొమ్మ ఇంజనులు చేయువారిని అడుగడుగున ఆటపట్టించుచున్నది. ఆ పనిలోని ఆనందములో సగము దీనితో పెనగులాడుటయే అని నా అభిప్రాయము.

ఈ పెనగులాటలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది రైలింజనుకు సంబంధించినది కాదు. అయినను దానిని వదలి పోవుటకు మనసొప్పదు. గ్లాస్గో విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర పాఠముల కొరకు న్యూకామెన్ ఆవిరి యంత్రపు నమూనా ఒకటి యుండెను. దాని సిలిండరు వ్యాసము 2 అంగుళములు, ముషలకపు నడక 6 అంగుళములు. అది సరిగా పనిచేయకుండుటచే 1763లో దానిని బాగుచేయుటకు జేమ్స్ వాట్ అను పరికరముల పనివాని కిచ్చిరి. అతడు బాగుచేసిన తరువాత కూడ నాలుగైదు పోట్లు పొడిచి అది ఆగిపోవుచుండెను. గనులలోని పెద్ద యంత్రములు రాత్రింబగళ్లు పనిచేయుచుండగా, వానికి అచ్చుగ్రుద్దినట్లున్న ఈ చిన్నది ఎందుకు నిలిచిపోవుచున్నది? మరియొకడైనచో పనివాడు సరిగా చేయలేదని సరిపెట్టుకొనెడివాడే. వాట్ అట్లు చేయలేదు.

న్యూకామెన్ యంత్రములో ఆవిరితో నిండిన సిలిండరులోనికే చన్నీటిని చిమ్మి ఆవిరిని నీరుగా మార్చుదురు. ప్రతి పోటుకు సిలిండరు గోడ చల్లబడును. తరువాతి పోటుకు వచ్చు ఆవిరిలో చాల భాగము ఆ గోడను మరల వేడిచేయుటకే ఖర్చగును. పెద్ద యంత్రములోనైనను ఈ నష్ట మున్నదే. కాని యంత్రమును పండ్రెండవ వంతుకు కుదించినచో, సిలిండరు లోపల పట్టు ఆవిరి 1,728వ వంతునకు తగ్గగా, గోడ వైశాల్యము 144వ వంతునకు మాత్రమే తగ్గును. అనగా ప్రతి ఘనాంగుళము ఆవిరికిని వాటాకు వచ్చు చల్లని గోడ పండ్రెండు రెట్లు పెరిగినది! పెద్దదానిలో మరుగుపడియున్న దోషమును చిన్నది బట్టబయలు చేసినది. ఆవిరిని సిలిండరులో గాక వేరొక పాత్రలో చల్లార్చవలెనను ఆలోచన వాట్‌కు 1765లో తట్టెను. 1769లో దానికి పేటెంటు లభించెను. పరిశ్రమలనే మార్చివేసిన ఒక కల్పన, సరిగా నడవని ఒక బొమ్మనుండి పుట్టినది.

సున్న, అరసున్న

ఇక ఆటబొమ్మల సంగతి. పందొమ్మిదవ శతాబ్దిలో ఇత్తడితోను, తగరపు పూత రేకుతోను బొమ్మ ఇంజనులను చాలమంది చేసిరి గాని, ఒకరి పట్టాలపై ఇంకొకరి బండి నడవదు. జర్మనీలోని గోపింగెన్‌లో 1859లో ప్రారంభమైన మెర్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో ఒక కొత్త పద్ధతిని ప్రదర్శించెను. పట్టాల మధ్య దూరమునకు 1, 2, 3 అని అంకెలు పెట్టి, ఒకదానితో ఒకటి అతుకునట్లు పట్టా ముక్కలను అమ్మిరి. ఈ మధ్య దూరమునే గేజి అందుము. ఒకటవ నంబరు 45 మిల్లీమీటర్లు. తరువాత అంతకంటె చిన్నది కావలసివచ్చినది. ఒకటికి క్రింద ఏమున్నది? సున్న. అది 32 మిల్లీమీటర్లు. ఇంకను చిన్నది కావలసివచ్చినపుడు దానిని ‘సున్నలో సగము’ అనిరి. నేడు ప్రపంచములో అన్నిటికంటె ఎక్కువగా వ్యాపించియున్న హెచ్.ఓ. గేజి ఇదియే. సున్నలో సగ మెంత యని గణిత ఉపాధ్యాయులు నవ్వవచ్చును. బొమ్మలవారి లెక్కలో అది 16.5 మిల్లీమీటర్లు!

ఈ కొలతతో 1,435 మిల్లీమీటర్ల అసలు పట్టాను పోల్చినచో నిష్పత్తి 1:87 వచ్చును. యూరపు ఖండములోను, అమెరికాలోను ఈ నిష్పత్తిని ఉంచుకొనిరి. ఇంగ్లండువారికి చిక్కు వచ్చినది. అక్కడి వంతెనలు, సొరంగములు ఇరుకైనవి గనుక అసలు ఇంజనులే చిన్నవి. వానిని 87వ వంతుకు కుదించినచో ఆనాటి విద్యుత్ మోటారు లోపల పట్టదు. అందుచే పైభాగమును అడుగునకు 4 మిల్లీమీటర్ల చొప్పున, అనగా 1:76 నిష్పత్తిలో కాస్త పెద్దది చేసి, పట్టాలను మాత్రము 16.5 మిల్లీమీటర్లకే ఉంచిరి. దీనికి ‘రెండు సున్నలు’ అని పేరు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్లు ఈ జాతివే. న్యాయముగా ఆ పట్టా 18.83 మిల్లీమీటర్లుండవలెను. ముందునుండి చూచినచో ఆ ఇంజను పెద్ద పొట్టతో సన్ననికాళ్లపై నిలిచినట్లుండును. అంగడిలో కొన్నవారికి ఇది పట్టలేదు. కొలత తెలిసినవారికి నిద్ర పట్టలేదు. అట్టివారు నేటికిని 18.83 మిల్లీమీటర్ల పట్టాను స్వయముగా పరచుకొని, చక్రములను మార్చుకొనుచున్నారు. రెండు మిల్లీమీటర్ల కొరకు ఇంత శ్రమ యేల అని అడుగువారికి వారిచ్చు సమాధానము ఒక్కటే: తప్పని తెలిసినతరువాత ఎట్లు ఊరకుందుము?

బల్లమీది వేగము

1:87 నమూనా చేతిలో నున్నచో భౌతికశాస్త్ర ఉపాధ్యాయునకు ఒక నెల పాఠములకు సరిపడు సామగ్రి ఉన్నట్లే. నూరు టన్నుల ఇంజనును యథాతథముగా కుదించినచో దాని బరువు ఎంత? 87ను మూడుమార్లు గుణించిన 6,58,503 వచ్చును. నూరు టన్నులను దీనిచే భాగించిన సుమారు 152 గ్రాములు. అంత తేలికైనది పట్టాపై సరిగా ఆనదు. విద్యుత్తు తెగి తెగి అందును. అందుచే తయారుచేయువారు లోపల లోహపు దిమ్మను పెట్టి బరువు పెంచుదురు. నిజమునకు దగ్గరగా నడచుటకు నిజమైన లెక్కను ఉల్లంఘింపవలసివచ్చిన దన్నమాట.

వేగము సంగతి చూడుడు. గంటకు 100 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 27.8 మీటర్లు. దానిని 87చే భాగించిన 32 సెంటీమీటర్లు. మూడు మీటర్ల బల్లను మెయిలు బండి దాటుటకు తొమ్మిది సెకండ్లకు పైగా పట్టవలెను. పిల్లలు రెండు సెకండ్లలో దాటింతురు. అనగా గంటకు 450 కిలోమీటర్లకు పైబడిన వేగము! వంపుల విషయములో నింకను అన్యాయము. బల్లమీద సరిపెట్టుటకు 36 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల వంపు పట్టాలను అమ్ముదురు. దానిని 87 రెట్లు పెంచిన 31 మీటర్లగును. అసలు మెయిలు లైనులో వంపుల వ్యాసార్ధము వందల మీటర్లుండును. 31 మీటర్ల వంపులో పెద్ద ఇంజను తిరుగనే తిరుగదు.

ఇప్పుడు జడత్వము. ఆవిరి కట్టివేసి విడిచిన అసలు బండి 100 కిలోమీటర్ల వేగమునుండి ఆగుటకు ఒక కిలోమీటరు దూరము జారిపోయిన దనుకొందము. నమూనా ఎంత దూరము జారిన చూచుటకు సహజముగా నుండును? 1,000 మీటర్లను 87చే భాగించి, పదకొండున్నర మీటర్లు. కాని ఆగు దూరము వేగపు వర్గమును అనుసరించునని మనకు తెలియును. వేగము 87వ వంతైనపుడు, వేగము తగ్గు రేటు మారనిచో, ఆగు దూరము 7,569వ వంతగును. అనగా 13 సెంటీమీటర్లు! అందుచేతనే బొమ్మరైలు విద్యుత్తు ఆపగానే గోడకు కొట్టుకొనినట్లు నిలిచిపోవును. దీనికి విరుగుడుగా మోటారు ఇరుసుకు ఒక చిన్న ఇత్తడి గతిపాలక చక్రమును తగిలింతురు. మోటారు చక్రములకంటె ఎన్నో రెట్లు వేగముగా తిరుగును గనుక, చిన్న చక్రములోనే చెప్పుకోదగినంత శక్తి నిలువయుండును. ఇటీవలి ఇంజనులలో ఈ పనిని కొంతవరకు ఎలక్ట్రానిక్ చిప్పు చేయుచున్నది: వోల్టేజిని ఒక్కసారి తీసివేయక మెల్లమెల్లగా తగ్గించును. చిప్పుకంటె ఇత్తడి చక్రమే నాకు ఎక్కువ నచ్చును. అందులో మోసము లేదు.

నిజమైన ఆవిరి

విద్యుత్తుతో నడచు ఇంజనులో పొగగొట్టము, సిలిండరు కేవలము అలంకారములు. కొందరికి ఇది రుచింపదు. నిప్పు వేసి, నీరు మరగించి, ఆవిరితోనే నడపవలెనందురు. 1898లో లండన్‌లో పర్సివల్ మార్షల్ ప్రారంభించిన ‘మోడల్ ఇంజనీరు’ పత్రిక వీరికి కూడలి. ఆ పత్రికలో 1920ల మొదట ఒక గొప్ప వివాదము చెలరేగినది. చిన్న ఇంజనులలో బొగ్గు సరిగా మండదనియు, స్పిరిటు దీపమే దిక్కనియు చాలమంది నమ్మకము. ‘ఎల్.బి.ఎస్.సి.’ అను కలము పేరుతో వ్రాయు ఒక రచయిత దీనికి అడ్డు తగిలెను. ఆ అక్షరములు తాను పూర్వము పనిచేసిన లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్టు రైల్వే పేరులోనివి. రెండున్నర అంగుళముల గేజిపై తాను చేసిన ‘అయేషా’ అను ఇంజను బొగ్గుతో నడచి, పెరిగిన మనిషిని కూర్చుండబెట్టుకొని లాగునని ఆయన వాదము. వివాదము ముదిరి ‘బాయిలర్ల యుద్ధము’ అని పేరుపొందెను. 1924లో ఆ పత్రిక ప్రదర్శనలో రెండు పక్షముల ఇంజనులను నడిపి చూచిరి. అటుపిమ్మట మనుష్యులను లాగు చిన్న ఇంజనులలో బొగ్గే స్థిరపడినది. ఆ రచయిత 1967లో మరణించువరకు ఎందరికో గురువు. ఆయన రూపొందించిన ‘టిచ్’ అను పొట్టి ఇంజనుతో ఈ విద్యను ప్రారంభించినవారు అసంఖ్యాకులు.

ఆయన రహస్యమేమి? ప్రకృతిని కుదించలేమని గ్రహించుటయే. పెద్ద బాయిలరులో మంటనుండి వచ్చు వేడివాయువులు రెండు అంగుళముల వ్యాసము గల గొట్టములు వందకుపైగా గుండా పోవును. వానిని 23వ వంతుకు కుదించినచో ఒక్కొక్క గొట్టము రెండు మిల్లీమీటర్లు. గొట్టము సగమైనచో అందులో మెల్లగా పారు వాయువు పదునారవ వంతునకు పడిపోవునని భౌతికశాస్త్ర విద్యార్థులు చదివియున్నారు. రెండు మిల్లీమీటర్ల గొట్టములో పొగ పోదు, మసి మాత్రము చక్కగా పట్టును. కనుక లెక్కకు కట్టుబడక, కొద్దిపాటి గొట్టములనే కాస్త లావుగా పెట్టవలెను. బయటి రూపము నిష్పత్తి ప్రకారము, లోపలి అవయవములు పని ప్రకారము.

అంత చిన్న ఇంజను మనిషిని ఎట్లు లాగగలదని చదువరులకు సందేహము కలుగవచ్చును. ఇక్కడ వర్గ ఘనముల తగవు మనకు మేలు చేయును. 100 టన్నుల ఇంజనులో లాగు చక్రములపై 60 టన్నులు పడుచున్నవనియు, ముషలకముల బలము చక్రపు అంచున 12 టన్నులనియు అనుకొందము. దానిని పండ్రెండవ వంతుకు కుదించిన బరువు 58 కిలోలు. ముషలకపు బలము వైశాల్యమును బట్టి యుండును గనుక, అదే పీడనముతో 83 కిలోలు! తన బరువుకంటె ఎక్కువ బలము. పీడనమును 200 పౌనులనుండి 80 పౌనులకు తగ్గించినను 33 కిలోలు మిగులును. కాని చక్రములపై పడు 35 కిలోలలో నాలుగవ వంతు, అనగా సుమారు 9 కిలోలు మాత్రమే పట్టాపై పట్టు దొరకును. అంతకుమించి ఆవిరి తెరచినచో చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగును. ఆ 9 కిలోలే చాలును. బండ్ల ఘర్షణ వాని బరువులో నూటికి రెండు వంతు లనుకొన్నచో, సమతలముపై 450 కిలోలను లాగవచ్చును. ఆరుగురు పెద్దవారు కూర్చుండవచ్చును.

ఇది వినగానే విద్యార్థులకు ఒక డబ్బాతో బాయిలరు చేయవలెనని చేతులు దురదపెట్టును. ఇక్కడ మాత్రము నేను కటువుగా చెప్పక తప్పదు: ఒంటరిగా చేయవద్దు. 80 పౌనుల పీడనమున నీరు 160 డిగ్రీలకు పైన మరుగును. మామూలు సీసపు టంకము 183 డిగ్రీలకే కరుగుట ప్రారంభించును. మధ్యనున్న ఎడము ఇరవై డిగ్రీలు. నీరు తగ్గి కొలిమి పైరేకు బయటపడినచో ఆ ఎడము నిమిషములలో హరించిపోవును. అందుచే రాగిరేకులను వెండి కలిసిన గట్టి టంకముతో అతుకుదురు. అది కరుగుటకు 600 డిగ్రీలు దాటవలెను. అతికిన తరువాత నిప్పు వేయకముందు, చన్నీటితో నింపి, పనిచేయు పీడనమునకు రెట్టింపు పీడనముతో పరీక్షింతురు. చన్నీరే యెందుకు? నీరు నొక్కిన దాదాపు నొక్కుకొనదు. అందులో శక్తి నిలువయుండదు. అతుకు విడినచో ఒక చుక్క కారి ముల్లు పడిపోవును, అంతే. మరుగునీరున్నచో అది ఒక్కసారిగా ఆవిరియగును. ఒక పాలు నీరు పదునారు వందల పాళ్ల ఆవిరి. ఆ తేడాయే పనివాని ప్రాణము.

చేయుటలోని ఆనంద మంతయు లేతు యంత్రము దగ్గర నున్నది. ఒక్క ఉదాహరణ చాలును. ఇంజను ఎడమవైపు క్రాంకు, కుడివైపు క్రాంకు సరిగా 90 డిగ్రీల తేడాతో నుండవలెను. ఎందుకనగా ముషలకము కొసకు చేరినపుడు త్రోయలేదు. అప్పుడు రెండవవైపుది మధ్యలోనుండి లాగును. ఇక్కడ ఒక చమత్కార మున్నది. ఆ కోణము 89 డిగ్రీలైనను కొంప మునుగదు. కాని మూడు ఇరుసులలోను అదే 89 ఉండవలెను. ఒకదానిలో 90, ఇంకొకదానిలో 89 అయినచో, వానిని కలుపు కడ్డీలు ప్రతి చుట్టుకును బిగిసి, ఇంజను కుంటుచు నడచును. ఒప్పుకంటె పొందిక ముఖ్యమని లోహము చెప్పుచున్నది. మూడు ఇరుసులు అమరి, వ్రేలితో త్రోయగానే చక్రములు చప్పుడు లేక దొర్లిన క్షణమును పనివాడు మరచిపోడు.

కొని దాచువారు

చేయు ఓపిక లేనివారు సేకరింతురు. ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో మొదలుపెట్టిన కీ రైళ్లు, నార్తాంప్టన్‌లోని బాసెట్‌లోక్ సంస్థ అమ్మిన ఇంజనులు, మెర్క్‌లిన్ రేకు స్టేషనులు నేడు పురావస్తువుల ధరలు పలుకుచున్నవి. కొందరు అట్టపెట్టె కూడ తెరువక అట్లే ఉంచుదురు. నడుపని ఇంజనును నేనైతే సగము ఇంజననియే అందును. ఐనను వారిది ఒక శాస్త్రము, వారికొక శత్రువును కలదు. 1930లలో జింకు, అల్యూమినియము కలిపిన మిశ్రలోహమును అచ్చులలో పోసి బొమ్మలు చేయుట వాడుకైనది. అందులో అతి స్వల్పముగా సీసము కలిసినను, స్ఫటికముల అంచుల వెంబడి తేమ చొచ్చి లోహము లోపలినుండి తినబడును. వస్తువు మొదట ఉబ్బును, వంగును, సన్నని పగుళ్లు పట్టును. కడకు బిస్కట్టువలె పొడియగును. పాశ్చాత్యులు దీనిని ‘జింకు తెగులు’ అందురు. యుద్ధమునకు ముందటి డబ్లో ఇంజనులు ఎన్నో ఇట్లే నశించినవి. పెట్టెలో భద్రముగా దాచినను ఆగదు, ఏలనన విషము పుట్టుకతోనే లోపల నున్నది. వేడిని, తేమను దూరముంచి ఆలస్యము చేయుట తప్ప మందు లేదు. 1929లో అమెరికాలో న్యూజెర్సీ జింకు కంపెనీవారు నూటికి 99.99 వంతులు శుద్ధమైన జింకుతో జమాక్ అను మిశ్రలోహములను చేసి, తెగులు రాని దారి చూపిరి. కాని బొమ్మల కర్మాగారములలో తుక్కు సీసము కలియుట చాలకాలము ఆగలేదు.

మన పట్టాల సంగతి చెప్పి విరమింతును. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. 1:87 నిష్పత్తిలో దానికి 19.3 మిల్లీమీటర్ల పట్టా కావలెను. అంగళ్లలో దొరకునది 16.5. అందుచే మన ఇంజనులను చేయువారు ఇంగ్లండువారివలెనే సన్ననికాళ్లతో సరిపెట్టుకొనుటయో, సొంతముగా పట్టాలు పరచుకొనుటయో చేయుచున్నారు. దీనికొక తేలిక మార్గమున్నది. నిష్పత్తినే 1:100గా పెట్టుకొన్నచో పట్టా 16.76 మిల్లీమీటర్లు వచ్చును, 16.5 మిల్లీమీటర్ల పట్టాకు తేడా కాగితపు మందముల లెక్క. పైగా అసలు మీటరు నమూనాలో సెంటీమీటరగును గనుక విద్యార్థులకు భాగహారమే అక్కరలేదు. 1947లో మన దేశమునకు వచ్చి, తుపాకిగుండువంటి ముక్కుతో ఎన్నో మెయిలు బండ్లను లాగిన డబ్ల్యు.పి. ఇంజనును తీసికొనుడు. లాగు చక్రపు వ్యాసము 1,705 మిల్లీమీటర్లు, నమూనాలో 17. బొగ్గుపెట్టెతో కలిపి పొడవు సుమారు 24 మీటర్లు, నమూనాలో ఒక జానెడుకు కొంచెము ఎక్కువ. దళసరి అట్ట, వెదురు పుల్లలు, చొక్కా గుండీలు చాలును. ఒక్క ముక్కు మాత్రము అట్టతో వంగదు. దానిని తుమ్మ చెక్కతోనో, సుద్దతోనో చెక్కుకొనవలెను.